ఒకే రోడ్డు, నాలుగు టోర్నమెంట్లు: తూర్పు హైదరాబాద్ కళాశాలల ఆటల కూటమి



దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతాల కళాశాలల్లో వ్యాయామ అధ్యాపకులుగా పనిచేసి కన్నుమూసిన వారి స్మృతికి ఈ ఉపన్యాసం. విద్యార్థుల నోట వీళ్లంతా పీడీ సార్లు, పీడీ మేడమ్‌లు. కళాశాల వార్షిక సంచికలో ప్రిన్సిపాల్ సందేశం ఉంటుంది, ర్యాంకులు తెచ్చినవారి ఫొటోలుంటాయి. కప్పు పట్టుకున్న జట్టు పక్కన ఒక చివర నిలబడ్డ మనిషి పేరు చాలాసార్లు ఉండదు. వాళ్లు చేసిన పనిలో ఆట నేర్పడం ఒక పాలు మాత్రమే. ఎంట్రీ ఫారాలు నింపడం, బోనఫైడ్ల మీద సంతకాలు పెట్టించడం, ప్రాక్టికల్స్ ఉన్న రోజున పిల్లల్ని వదలమని హెచ్‌ఓడీలను బతిమాలడం, డ్రా తీసిన రోజు ఎవరితో పడిందో చూసుకోవడం, అన్నీ వాళ్లవే. మన కళాశాల ఎవరితో ఆడాలి అన్న ప్రశ్న ఏటా వాళ్ల ముందుకు వచ్చేది. దానికి జవాబు చెప్పే అధికారం మాత్రం వాళ్ల చేతికి ఎన్నడూ రాలేదు. ఆ అధికారం ఎవరి దగ్గర ఉంటూ వచ్చింది, అందువల్ల ఈ ప్రాంతంలో ఆటలకు ఏం జరిగింది, ఇప్పుడు ఏం చేయవచ్చు అన్నవే ఈ సాయంత్రం నా అంశాలు.

కొన్ని కళాశాలలు ఏటా తమలో తాము పోటీపడటానికి పెట్టుకున్న కట్టుబాటును ఆటల కూటమి అందాం. అమెరికాలో దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది విశ్వవిద్యాలయం నడిపే ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్, అందరి వాడుకలో ఐసీటీ. ఉస్మానియాలో పురుషులకు, మహిళలకు వేరువేరుగా ఇవి నడుస్తాయి. కళాశాలల జట్లు ఆడతాయి. ఆ ఆటను చూసి విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం కింద జరిగే సౌత్ జోన్ పోటీలకు, అక్కడ రాణిస్తే అఖిల భారత పోటీలకు వెళ్తుంది. ఈ కూటమిలో సభ్యత్వానికి షరతు ఒక్కటే, ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండటం. కళాశాల తానుగా ఇందులో చేరదు, తానుగా వదిలిపోదు. అనుబంధం మారితే ప్రత్యర్థులూ మారిపోతారు. నా వాదన ఇక్కడే మొదలవుతుంది. గత నూరేళ్లలో ఈ కూటమి సభ్యత్వం ఎన్నోసార్లు మారింది. మారిన ప్రతిసారీ కారణం రాష్ట్రాల సరిహద్దో, బోధనా భాషో, వైద్యవిద్య పరిపాలనో, అలాంటిదే మరొకటో అయింది. ఆట ఏనాడూ కారణం కాలేదు. కాబట్టి విశ్వవిద్యాలయ కూటమిని దాని పనికి ఉంచి, పక్కపక్క కళాశాలలు అనుబంధంతో నిమిత్తం లేకుండా ఆడుకునే పొరుగు లీగ్ ఒకటి ఈ ప్రాంతానికి కావాలని నేనంటాను.

చరిత్ర చూద్దాం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. దాని పరిధి హైదరాబాద్ సంస్థానం. వరంగల్, గుల్బర్గా, ఔరంగాబాద్‌లలోని ఇంటర్మీడియట్ కళాశాలలు దాని గొడుగు కిందివే. అదే కాలంలో హైదరాబాద్ నడిబొడ్డున బషీర్‌బాగ్‌లో ఉన్న నిజాం కళాశాల, 1887లో పుట్టినది, మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. 1947లో గానీ అది ఉస్మానియాలోకి రాలేదు. అంటే ఎక్కడో ఉన్న ఔరంగాబాద్ విద్యార్థి ఉస్మానియావాడు, అడిక్‌మెట్‌లోని ఉస్మానియా ఆవరణకు కొద్ది మైళ్ల దూరంలో చదువుకుంటున్న నిజాం కళాశాల విద్యార్థి మద్రాసువాడు. ఉస్మానియాలో చదువు ఉర్దూలో, నిజాం కళాశాలలో ఇంగ్లీషులో సాగేది కాబట్టి ఆ ఏర్పాటుకు అర్థముంది. కానీ ఫుట్‌బాల్ ఏ భాషలో ఆడతారు? ఆనాటి ఆటగాళ్లు ఈ చిక్కును మరో దారిలో విప్పుకున్నారు. భారత ఫుట్‌బాల్‌కు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చిన కోచ్ ఎస్.ఏ. రహీమ్ యువకుడిగా ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. నగరంలోని స్థానిక లీగ్‌లో సిటీ కాలేజీ ఆటగాళ్లతో ఏర్పడిన 'ఎలెవెన్ హంటర్స్' జట్టుకూ ఆడారు. ఆయనది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఆటల బాధ్యత చేపట్టిన మనిషి. మలక్‌పేట వంతెన దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు వచ్చే దారి ఆ చాదర్‌ఘాట్ నుంచే మొదలవుతుంది. మనం ఈ రోజు తలుచుకుంటున్న వృత్తికి హైదరాబాద్‌లో ఆయన్ని మించిన పెద్ద లేరు. విశ్వవిద్యాలయ జట్టు ఒకటి, ఊరి లీగ్ ఒకటి, రెండూ ఒకే ఆటగాణ్ణి పెంచిన సంగతి గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. నేను అడగబోయేది ఆ రెండోదాని గురించే.

1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చాయి. ఔరంగాబాద్ బొంబాయి రాష్ట్రానికి, గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. 1958లో మరాఠ్వాడా విశ్వవిద్యాలయం పుట్టింది. మూడు భాషా ప్రాంతాల ఉస్మానియా కూటమి తెలంగాణ కూటమి అయింది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడగానే రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాల అటు వెళ్లింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది, వరంగల్‌తో పాటు ఉత్తర తెలంగాణ కళాశాలలు చాలావరకు దానికి చెందాయి. ఇవన్నీ వేగంగా చెప్పుకుపోవచ్చు. రెండు మార్పుల దగ్గర మాత్రం కాస్త ఆగాలి.

మొదటిది 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడటం. అంతకుముందు పీయూసీ విశ్వవిద్యాలయాల కింద, డిగ్రీ కళాశాలల గోడల మధ్యే నడిచేది. పదహారేళ్ల కుర్రవాడు అదే మైదానంలో ఇరవయ్యేళ్ల సీనియర్ల ఆట చూస్తూ, వాళ్లకు బంతులు అందిస్తూ, మరుసటేడు జట్టులో చోటు కోసం కన్నేసేవాడు. బోర్డు వచ్చాక జూనియర్ కళాశాల క్రమంగా వేరే సంస్థ అయింది. దాని ఆటలు పాఠశాలల క్రీడా సమాఖ్య పరిధిలోకి, 19 ఏళ్లలోపు పిల్లల పోటీల్లోకి వెళ్లాయి. పరిపాలనగా ఇది సబబే, పిల్లలు తమ వయసువాళ్లతో ఆడాలన్న సూత్రమూ మంచిదే. కానీ జట్టుకు కింది మెట్టు విరిగింది. ఆ విరిగిన మెట్టు ఉన్న చోటనే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ ప్రపంచం లేచింది. విజయవాడ రహదారి మీద నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చే బస్సు దిగగానే కనిపించే హాస్టల్ బోర్డులు, ఎంసెట్ పోస్టర్లు, తర్వాత సాఫ్ట్‌వేర్ కోర్సుల ఫ్లెక్సీలు, ఆపైన గ్రూప్స్ కోచింగ్ ప్రకటనలు, ఇదంతా పదహారు నుంచి పాతికేళ్లలోపు పిల్లల ఊరు. ఆటకు అసలైన వయసు అదే. దేశంలో ఇంత మంది ఆ వయసువాళ్లు ఇంత కొద్ది చోటులో గుమిగూడిన ప్రాంతాలు తక్కువ. వాళ్లలో చాలామందికి రెండేళ్ల పాటు మైదానం మొహం చూసే తీరిక ఉండదు. డిగ్రీలోకి వచ్చేసరికి వాళ్లను పీడీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

రెండోది 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విశ్వవిద్యాలయం రావడం. అంతవరకు ఉస్మానియాకు అనుబంధంగా ఉన్న కోఠీలోని ఉస్మానియా వైద్య కళాశాల ఆ తర్వాత విజయవాడకు చెందింది. రాష్ట్రం విడిపోయాక వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి చెందింది. పేరులో ఉస్మానియా అలాగే ఉంది, కట్టడం అక్కడే ఉంది, ఆటల్లో ప్రత్యర్థులు మాత్రం రెండుసార్లు మారారు. వైద్య విద్యార్థికి ఆటలు కూడా ఎందుకనే వాళ్లున్నారు. శరీరాన్ని ఎరగడమే వృత్తిగా పెట్టుకున్నవాడికి తన శరీరాన్ని పరీక్షించుకునే చోటు ఉండకూడదా? ఆ ప్రశ్నను పక్కన పెట్టినా, ఒక కళాశాల ఆటల చరిత్ర తెగిపోవడానికి కారణం దాని ఆటలతో ఏ సంబంధమూ లేని చట్టం కావడం గమనించదగ్గది.

తర్వాతి దఫా ఇంకా వేగంగా వచ్చింది. 2006లో నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం, 2007లో నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం. ఎల్‌బీ నగర్ కూడలికి వీటిలో నల్లగొండ మార్పు ఎక్కువ తగిలింది. నల్లగొండ వైపు వెళ్లే రోడ్డు పొడుగునా ఉన్న పోటీ సంబంధాలు నగరం అంచున తెగాయి. అదే 2007లో ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు మహానగర పాలక సంస్థలో కలిశాయి. పరిపాలన దృష్టిలో ఈ ప్రాంతం నగరంలోకి వచ్చిన ఏడాదే, ఆటల దృష్టిలో తనకు ఆనుకుని ఉన్న జిల్లాకు దూరమైంది. ఇంజనీరింగ్ కథ వేరు. జేఎన్‌టీయూ 1972లో పుట్టి, తర్వాత ప్రైవేటు కళాశాలలకు అనుబంధం ఇచ్చే పెద్ద సంస్థ అయి, 2008లో నాలుగుగా చీలింది. ఇబ్రహీంపట్నం చుట్టూ వెలసిన కళాశాలలు ఎక్కువగా దాని కిందివే. వాటి బస్సులు పొద్దున్నే ఎక్కించుకునేది దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్, వనస్థలిపురం పిల్లలను. ఇక కోఠీ మహిళా కళాశాల, ఉస్మానియా మహిళల ఐసీటీలో ఏళ్ల తరబడి ఒక స్తంభంగా నిలిచిన సంస్థ, 2022లో తానే విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు దానికి చాకలి ఐలమ్మ పేరుంది. వందేళ్ల మహిళా కళాశాలకు ఆ హోదా దక్కడం గర్వకారణం. కానీ విశ్వవిద్యాలయమైన కళాశాలకు ఐసీటీ ఉండదు. కోఠీ అమ్మాయిలతో తలపడి ఎదగాల్సిన చిన్న కళాశాలల జట్లకు ఆ ప్రత్యర్థి లేకుండా పోయింది.

ఈ మార్పులన్నీ కలిసి ఇవాళ రోడ్డు మీద ఎలా కనిపిస్తున్నాయో చూడండి. నాదర్‌గుల్‌లోని ఎంవీఎస్‌ఆర్ ఇంజనీరింగ్ కళాశాల, 1981లో పెట్టినది, ఉస్మానియాకు అనుబంధం. కొద్ది దూరంలో మీర్‌పేటలో ఉన్న తీగల కృష్ణారెడ్డి ఇంజనీరింగ్ కళాశాల జేఎన్‌టీయూకు అనుబంధం. రెండిటి విద్యార్థులూ అవే పుస్తకాలు చదువుతారు, అవే ఉద్యోగాలకు పోటీపడతారు, వాలీబాల్‌లో మాత్రం వాళ్లను కలిపే పట్టిక లేదు. ఎల్‌బీ నగర్‌లోని కామినేని వైద్య కళాశాల విద్యార్థులది వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. హయత్‌నగర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉస్మానియాది. వీటి మధ్య ఉన్న జూనియర్ కళాశాలలు బోర్డువి. వాటిలోనూ మూసారాంబాగ్‌లో ఉంటే హైదరాబాద్ జిల్లా జట్టు, నాలుగడుగులు దాటి గడ్డిఅన్నారంలో ఉంటే రంగారెడ్డి జిల్లా జట్టు. మలక్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో స్టేషన్లు ఏడు. ఆ ఏడు స్టేషన్ల మధ్య ఉండే పిల్లలు నాలుగు వేర్వేరు టోర్నమెంట్లకు చెందుతారు. ఒకే హాస్టల్ గదిలో ఉండే ముగ్గురు స్నేహితులు తమ కళాశాలల తరఫున ఒకరి మీద ఒకరు ఎప్పుడూ ఆడలేరు.

ఆడలేకపోతే ఏం, ఎవరి టోర్నమెంట్ వాళ్లకుందిగా అని అడగవచ్చు. ఇక్కడ లెక్క చూడాలి. వందల కళాశాలలు సభ్యులుగా ఉన్న విశ్వవిద్యాలయం, కొద్ది రోజుల్లో పోటీ ముగించాలంటే, నాకౌట్ తప్ప గత్యంతరం లేదు. 32 జట్ల నాకౌట్‌లో మొత్తం 31 మ్యాచ్‌లు. వాటిలో 16 జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి వెళ్తాయి. మరో 8 జట్లకు రెండే. అంటే పాల్గొన్న జట్లలో నాలుగింట మూడు వంతులకు ఏడాది ఆట ఒకటి రెండు మ్యాచ్‌లతో సరి. అదే 32 జట్లను ఎనిమిదేసి చొప్పున నాలుగు లీగ్‌లుగా విడదీస్తే, ఒక్కో లీగ్‌లో 28 మ్యాచ్‌లు, మొత్తం 112. ఓడినా గెలిచినా ప్రతి జట్టుకూ ఏడు మ్యాచ్‌లు. సభ్యులు పెరిగేకొద్దీ నాకౌట్ పెద్దదవుతుంది, చిన్న కళాశాల భాగం చిన్నదవుతుంది. ఒక్క మ్యాచ్ కోసం రెండు నెలలు ప్రాక్టీసు చేయమని ఏ పీడీ అయినా ఎన్నేళ్లు చెప్పగలడు? ఆ రోజున పరీక్ష ఉంటే జట్టు రాదు, ఎదుటి జట్టుకు వాకోవర్. మరుసటేడు ఎంట్రీ వెళ్లదు. కాగితం మీద సభ్యత్వం కొనసాగుతుంది, విద్యార్థి ఫీజులో ఆటల రుసుమూ కొనసాగుతుంది. విశ్వవిద్యాలయం తన జట్టును ఎంచుకోవడానికి నాకౌట్ చాలవచ్చు. పిల్లవాడు ఆటగాడు కావడానికి చాలదు. ఈ రెండూ వేర్వేరు పనులని ఒప్పుకోకుండా ఒకే కూటమి మీద మోపడమే మనం ఇన్నాళ్లూ చేస్తున్నది.

కూటమి సభ్యత్వాన్ని ఆటతో పనిలేని కారణాలు నిర్ణయిస్తే ఏమవుతుందో పెద్ద అద్దంలో చూపించే దేశం అమెరికా. పసిఫిక్ తీరపు విశ్వవిద్యాలయాలు 1915లో కట్టుకున్న కూటమి వందేళ్లు నడిచి, పన్నెండు సంస్థలతో పాక్-12 అనిపించుకుంది. 2022లో లాస్ ఏంజిలిస్‌లోని రెండు విశ్వవిద్యాలయాలు, టీవీ హక్కుల డబ్బు కోసం, మధ్య పశ్చిమానికి చెందిన బిగ్ టెన్‌లో చేరుతున్నట్టు ప్రకటించాయి. 2024కల్లా పది సంస్థలు వెళ్లిపోయి ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ పసిఫిక్ ఒడ్డున ఉండి అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరాయి. మామూలు వారం మధ్యలో వాలీబాల్ ఆడటానికి అక్కడి అమ్మాయిలు ఖండం దాటి విమానమెక్కాలి. మన దగ్గర కళాశాలను ఒక కూటమి నుంచి మరోదానికి మార్చేది ప్రభుత్వ చట్టం, అక్కడ మార్చింది టీవీ ఒప్పందం. పొరుగువాడు పొరుగువాడితో ఆడే హక్కును రెండూ ఒకేలా పోగొట్టాయి. అక్కడే ఐవీ లీగ్ ఎనిమిది సంస్థలు 1954 ఒప్పందం నుంచి అవే ఎనిమిదిగా ఉన్నాయి. ఆట పేరున స్కాలర్‌షిప్పులు ఇవ్వకూడదన్న నియమానికి అన్నీ కట్టుబడటం వాటిని కలిపి ఉంచింది. సభ్యులే నియమాలు రాసుకున్న చోట సభ్యత్వం నిలిచింది.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బలమైనది ముందు తీసుకుంటాను. విశ్వవిద్యాలయాలు చీలడం ఆటకు నష్టమన్నట్టు మాట్లాడుతున్నారు, కానీ దానివల్ల జిల్లాల పిల్లలకు మేలు జరిగిందని అంటారు. నిజం. నల్లగొండ, మహబూబ్‌నగర్ కళాశాలలు ఉస్మానియా కిందే ఉండగా, అక్కడి ఆటగాడు నగరంలోని పేరున్న కళాశాలల వాళ్లను తోసుకుని విశ్వవిద్యాలయ జట్టులోకి రావాలి. ఇప్పుడు మహాత్మా గాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలకు సొంత జట్లున్నాయి. ఒక జట్టు పోయి మూడు జట్లు సౌత్ జోన్‌కు వెళ్తున్నాయి. ఒకప్పుడు బెంచీ మీదే ఉండిపోయేవాళ్లలో ఎందరికో విశ్వవిద్యాలయ కలర్ దక్కుతోంది. ఆ లాభాన్ని నేను ఏమాత్రం తగ్గించను, వెనక్కి తిప్పమని అడగను. కానీ ఆ లాభం ఎంపిక అనే పనిలో వచ్చినది. క్రమంగా ఆడటం అనే రెండో పనిలో చీలిక ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, నగరం అంచున ఉన్న మనకు ఉన్న పొరుగును తీసేసింది. పొరుగు లీగ్ వల్ల ఆ మూడు జట్లలో ఒక్కటీ తగ్గదు.

రెండో అభ్యంతరం నియమాలది. విశ్వవిద్యాలయాల సంఘం పోటీల్లో ఆడాలంటే ఆ విశ్వవిద్యాలయపు రోల్‌లో ఉండాలి, వయసు పరిమితి ఉంది, కళాశాల ధ్రువీకరణ ఉండాలి. వేర్వేరు విశ్వవిద్యాలయాల జట్లను కలిపితే చిక్కులొస్తాయంటారు. రావు, ఎందుకంటే ఈ లీగ్ ఎవరినీ ఎంపిక చేయదు, సౌత్ జోన్‌కు ఎవరినీ పంపదు. ప్రతి కళాశాల తన సొంత విద్యార్థులతో, అదే బోనఫైడ్‌తో ఆడుతుంది. ఐసీటీ తేదీలకు ముందే లీగ్ ముగిస్తే విశ్వవిద్యాలయాలకు సిద్ధమైన జట్లు వస్తాయి, కాబట్టి అవి కాదనడానికి కారణం కనిపించదు.

మూడోది మరింత లోతైనది. ఇప్పుడు ఆటగాళ్లను తయారుచేసేవి అకాడమీలు, కళాశాల కూటమి పాతకాలపు మాట అంటారు. బ్యాడ్మింటన్ అకాడమీ హైదరాబాద్‌కు ఏం చేసిందో ప్రపంచం చూసింది. కానీ ఆ అకాడమీ పెట్టిన పుల్లెల గోపీచంద్ దోమలగూడ ఏవీ కళాశాల విద్యార్థి. 1990, 1991లలో భారత విశ్వవిద్యాలయాల సంయుక్త బ్యాడ్మింటన్ జట్టుకు కెప్టెన్. అదే కళాశాలలో బీఏ చదివిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2015లో జలంధర్‌లో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ బాక్సింగ్ స్వర్ణం గెలిచింది, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయింది. అంత పెద్ద ఆటగాళ్ల ప్రయాణంలోనూ కళాశాల ఆట ఒక మజిలీ. పైగా అకాడమీ మెరికల్లాంటి కొందరి కోసం. మిగతా వేలమంది ఆడాలా వద్దా అన్నది కళాశాల మాత్రమే తేల్చగలిగిన ప్రశ్న. వృత్తివిద్యా కోర్సుల్లో క్రీడాకారులకు 0.5 శాతం సీట్లున్నాయని చూపి ఆటను సమర్థించేవాళ్లున్నారు. ఆ సీట్లు అందే పిల్లలు ఎప్పుడూ కొద్దిమందే. సీటు రాని వాడికీ ఆట కావాలి, నా వాదన వాడి తరఫున.

నాలుగోది: విద్యార్థులు ఇక్కడ నిలకడగా ఉండరు, కళాశాలకు తన జట్టును ఎంచుకునే స్వేచ్ఛా లేదు. 2016లో దోస్త్ వచ్చాక డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో కేటాయిస్తున్నారు. అంతకుముందు స్కూలు టోర్నమెంట్‌లో మంచి కబడ్డీ రైడర్‌ను చూసిన పీడీ, ప్రిన్సిపాల్‌ను ఒప్పించి సీటు ఇప్పించుకునేవాడు. ఇప్పుడు ఎవరొస్తారో జాబితా చూశాకే తెలుస్తుంది. దోస్త్ ప్రవేశాలను పారదర్శకం చేసింది, దాన్ని తప్పుపట్టను. దాని పర్యవసానంగా మాత్రం ఆటగాణ్ణి వెతికి తెచ్చుకునే దారి మూసుకుంది, వచ్చిన పిల్లల్లోంచి ఆటగాణ్ణి తయారుచేసే దారే మిగిలింది. తయారుచేయాలంటే మ్యాచ్‌లు కావాలి. ఈ అభ్యంతరం నా ప్రతిపాదనకే బలం.

చివరిది మైదానాలది. ఈ ప్రాంతంలో ఖాళీ చోటు ఎంత త్వరగా కరిగిందో ఇక్కడున్నవాళ్లకు చెప్పనవసరం లేదు. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు బాటసింగారం తరలాక ఆ స్థలం పెద్దాసుపత్రికి వెళ్లింది. తూర్పు నగరానికి ఆసుపత్రి కావాలి, దాని మీద పేచీ లేదు. మిగిలిన పెద్ద ఆటస్థలాలు సరూర్‌నగర్ స్టేడియం, విక్టోరియా మెమోరియల్ హోమ్ ఆవరణ. క్రికెట్‌తో మొదలుపెడితే ఈ చోటు చాలదు. కబడ్డీకి కావాల్సింది 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మ్యాచ్ విరామంతో సహా గంటలోపు ముగుస్తుంది. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు, చుట్టూ కొంత జాగా. ఈ రెండిటికీ సరిపడే చోటు లేని డిగ్రీ కళాశాల ఉంటే, దాని జట్టు పక్క కళాశాలలో ఆడుతుంది. లీగ్ అంటేనే అది. సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలల అమ్మాయిలు కబడ్డీ, ఖోఖోలలో ఎవరికీ తీసిపోరు, కాబట్టి డబ్బున్న కళాశాలలే గెలుస్తాయన్న భయం కూడా ఈ ఆటల్లో తక్కువ.

కాబట్టి నేను అడుగుతున్నది చిన్నది. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా, నాదర్‌గుల్ నుంచి నాగోల్ దాకా ఉన్న కళాశాలల పీడీలు, ఏ విశ్వవిద్యాలయపు వారైనా, ఒకచోట కూర్చుని సభ్యత్వ నియమాలు తామే రాసుకోవాలి. మొదటి నియమం, జట్టు దించిన కళాశాలే సభ్య కళాశాల. వరుసగా రెండు మ్యాచ్‌లకు రానిది ఆ ఏడాదికి సభ్యురాలు కాదు. రెండో నియమం, ఓడిన జట్టును ఎవరూ ఇంటికి పంపకూడదు. మూడోది, పురుషులకు ఎన్ని మ్యాచ్‌లో మహిళలకూ అన్నే, అవే తేదీల్లో, అదే కోర్టులో. ఒక్కో విభాగంలో ఎనిమిది జట్లయితే ఆదివారానికి నాలుగు మ్యాచ్‌ల చొప్పున ఏడు ఆదివారాల్లో 28 మ్యాచ్‌లు పూర్తవుతాయి, ఒక్క కోర్టు చాలు. రెఫరీలను ఆ మ్యాచ్ ఆడని కళాశాలల పీడీలే సమకూర్చవచ్చు. ప్రిన్సిపాళ్ల నుంచి కావాల్సింది ఒక సంతకం, ఆటల రుసుములోంచి బంతులకు, రవాణాకు సరిపడే సొమ్ము. మొదటి ఏడాది ఎనిమిది జట్లు దొరక్కపోతే ఆరుతో మొదలుపెట్టండి. అప్పుడు 15 మ్యాచ్‌లు, ఐదు ఆదివారాలు.